జర్మను పాటల పేరులు: పెద్దయక్షరముల కథ

మన తెలుగు లిపిలో పెద్దయక్షరము, చిన్నయక్షరము అను భేదము లేదు. రాజు పేరైనను రాతి పేరైనను ఒక్క కొలతతోనే వ్రాయుదుము. కావున ఐరోపాఖండమున ఒక పదము మొదటి యక్షరము పెద్దదిగా నుండవలెనా, చిన్నదిగా నుండవలెనా యని పండితులు తరతరములుగా వాదించిరనియు, సభలు కూడిరనియు, ప్రధానామాత్యుడు నిషేధాజ్ఞ పంపెననియు వినినప్పుడు మనకు నవ్వు రావచ్చును. ఆ నవ్వు కొంచెము నిలిపి విచారించినచో, ఆ చిన్న గుఱుతు వెనుక నొక జాతి చరిత్ర కలదని తేటపడును. ఒకరి పేరును మఱియొకరు వ్రాయునప్పుడు ఎవరి యాచారము చెల్లవలెనను ప్రశ్నయు నందే యున్నది.

ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా గానవచ్చు చోటు జర్మను పాటల పేరులు. కవుల పద్యములకు స్వరము కూర్చి, పియానో తోడుగా నొక్క గాయకుడు పాడుటకై రచించిన గీతమును జర్మనులు 'లీడ్' అందురు, బహువచనమున 'లీడర్'. షూబర్ట్, షూమన్, బ్రామ్స్, హూగో వోల్ఫ్ మొదలగువారు 19వ శతాబ్దమున దీనినొక గొప్ప కళగా జేసిరి. ఇంగ్లండులోను అమెరికాలోను ఈ గీతములను నేటికిని పెక్కుపాళ్లు జర్మను భాషలోనే పాడుదురు. పేరులను జర్మనులోనే అచ్చొత్తింతురు. కాని అచ్చు కూర్చువాడు ఇంగ్లీషు చదివినవాడు. వాని చేయి ఇంగ్లీషు మర్యాదనే యనుసరించును. చిక్కంతయు నిక్కడ బుట్టినది.

రెండు మర్యాదలకును గల భేదమును మొదట దెలిసికొందము. ఇంగ్లీషువారు గ్రంథము పేరుగాని పాట పేరుగాని వ్రాయునప్పుడు అందలి ముఖ్యపదములన్నిటిని, క్రియలైనను విశేషణములైనను, పెద్దయక్షరముతో మొదలిడుదురు. ఇది పేరునకు వారు తొడుగు పండుగబట్ట. జర్మనులకు అట్టి పండుగబట్ట లేదు. వారి భాషలో నామవాచకము ఎక్కడనున్నను, పేరులోనైనను జాబులోనైనను అంగడిచీటిలోనైనను, పెద్దయక్షరముతోనే మొదలగును. తక్కిన పదములు వాక్యారంభమున దప్ప చిన్నయక్షరముతోనే యుండును. పాట పేరునకును వాక్యమునకును వారికి ఒక్కటే నియమము.

హైనె రచించిన పద్యమునకు షూమన్ 1840లో స్వరము కూర్చిన 'ఇష్ గ్రొల్లె నిష్ట్' అను పాటను దీసికొందము. 'నేను నిందింపను' అని దీని యర్థము. ఇందు నామవాచకము ఒక్కటియు లేదు. కావున జర్మను రీతిని మొదటి పదము మొదటి యక్షరమొక్కటే పెద్దది. తక్కిన రెండు పదములును చిన్నవి. ఇంగ్లీషు రీతిని వ్రాసినచో మూడు పదములును పెద్దయక్షరములు తలకెత్తుకొనును. అట్లే అందఱెఱిగిన క్రిస్మసు పాటయే చూడుడు. జోసెఫ్ మోర్ అను గురువు 1816లో వ్రాయగా, ఫ్రాన్జ్ గ్రూబర్ 1818లో ఆస్ట్రియాలో స్వరము కూర్చిన పాట యది. మన తెలుగు క్రైస్తవులును దానిని తెలుగున పాడుకొందురు. దాని జర్మను పేరులో 'రాత్రి' యను పదమునకు రెండుమారులును పెద్దయక్షరమే. 'పవిత్రమైన' అను విశేషణమునకు చిన్నయక్షరము. ఇంగ్లీషు పేరులో నన్నియు పెద్దవే. ఎవరి యింట వారిది ఒప్పు. జర్మను పదములకు ఇంగ్లీషు వేషము వేయుటయే తప్పు.

ఇది వట్టి వేషభేదమేనా, అర్థమునకు గూడ హాని కలదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. హాని కలదు. బీథోవెన్ 1816లో ఆరు పాటల మాల యొకటి రచించెను. దాని పేరు 'ఆన్ డీ ఫెర్నె గెలీబ్టె', అనగా 'దూరముననున్న ప్రియురాలికి'. ఇందలి 'ఫెర్నె' యనగా దూరమైన, 'గెలీబ్టె' యనగా ప్రేమింపబడిన. రూపమును బట్టి చూచిన రెండును విశేషణములే. రెండింటి తుదిని ఒక్క ప్రత్యయమే యున్నది. వీనిలో నేది విశేషణముగా నిలిచినదో, ఏది వ్యక్తిగా మాఱినదో చెప్పునది ఆ పెద్దయక్షరమే. 'గెలీబ్టె' పెద్దయక్షరము ధరించుటచే 'ప్రేమింపబడిన' అను గుణము 'ప్రియురాలు' అను మనిషి యైనది. 'డీ ష్యోనె మ్యుల్లెరిన్' అను షూబర్టు పాటలమాలలో మొదటి పాట 'డాస్ వాండెర్న్'. అందు 'తిరుగు' అను క్రియ పెద్దయక్షరమును దాల్చి 'తిరుగుట' యను నామమైనది. అన్ని పదములకును పెద్దయక్షరము పెట్టినవాడు ఈ జ్ఞానమునంతయు ఒక్కవ్రేటున దుడిచివేయుచున్నాడు. అందఱకును కిరీటము పెట్టినచో రాజెవడో తెలియదు గదా!

ఈ యాచారము జర్మనులకు అనాదిగా వచ్చినది కాదు. మార్టిన్ లూథర్ 1522లో క్రొత్త నిబంధనమును, 1534లో బైబిలు నంతటిని జర్మను భాషలో ప్రకటించినప్పుడు పెద్దయక్షరములు నియమబద్ధముగా లేవు. ఆ బైబిలులో 'ప్రభువు' అను పదమును పూర్తిగా పెద్దయక్షరములతో నచ్చొత్తించి దైవనామమును వేఱుపఱచిరి. భక్తియే పెద్దయక్షరమునకు మొదటి కారణములలో నొకటి. పిమ్మట మనుష్యుల పేరులకు, బిరుదులకు, అటుపిమ్మట కంటికి గానవచ్చు వస్తువులకు, తుదకు దయ, కోపము మొదలగు భావములకు ఆ గౌరవము క్రమక్రమముగా వ్యాపించెను. ఇది యొక రాజు శాసించినది కాదు; అచ్చుకూర్పరులును లేఖకులును చేతియలవాటుగా బెంచినది. 18వ శతాబ్దమున గాట్‌షెడ్, ఆడెలుంగ్ అను వ్యాకరణకర్తలు లోకమున నప్పటికే నాటుకొనిన దానిని సూత్రముగా నిలిపిరి. గాట్‌షెడ్ వ్యాకరణము 1748లో వెలువడెను. ముందు వాడుక, వెనుక వ్యాకరణము. ఎల్ల భాషలందును ఇదియే క్రమము.

ఇంగ్లీషువారును ఒకప్పుడు ఇదే త్రోవను నడిచిరి. 17వ శతాబ్దాంతమునను, 18వ శతాబ్ద పూర్వార్ధమునను అచ్చుపడిన ఇంగ్లీషు గ్రంథములలో నామవాచకములు మెండుగా పెద్దయక్షరములతో నున్నవి. 1787లో చేతివ్రాతతో సిద్ధమైన అమెరికా రాజ్యాంగపత్రములోను అట్లే యున్నవి. 18వ శతాబ్దము ముగియునప్పటికి ఇంగ్లీషు ముద్రాపకులు ఆ యలవాటును వదలిరి. గ్రంథముల పేరులలో మాత్రము పెద్దయక్షరములకు పట్టు చిక్కినది. డేనులు 1948 వఱకు జర్మనులవలె వ్రాసి, ఆ యేటి లిపిసంస్కారముతో మానుకొనిరి. లక్సెంబర్గు దేశభాషను మినహాయించినచో నేడు ఈ మర్యాద జర్మను భాషకే మిగిలినది. అయినను జర్మను నియమమునకు దానిలోపలనే గొప్ప శత్రువొకడు పుట్టెను. జానపద కథలను సేకరించి ప్రసిద్ధికెక్కిన సోదరులలో పెద్దవాడగు యాకోబ్ గ్రిమ్ తన జర్మను వ్యాకరణము మొదటి కూర్పును 1819లో పెద్దయక్షరములతో నచ్చొత్తించి, 1822 నాటి రెండవ కూర్పులో వానిని తొలగించెను. ప్రాచీనగ్రంథములలో లేని యీ యలంకారము వ్యర్థమని యాతని మతము. ఆ సోదరులు 1838లో ఆరంభించిన మహానిఘంటువును గూడ చిన్నయక్షరములతోనే యచ్చువేయించిరి. దాని మొదటి సంపుటము 1854లో వెలువడగా, ఆరంభించిన 123 సంవత్సరములకు, 1961లో, తుదిభాగము పూర్తియయ్యెను. అంతటి విద్వాంసుని మాటయు జనుల చేతియలవాటును మార్పజాలదయ్యెను. భాషలో సంస్కర్త సత్యవాది యైనంతమాత్రమున గెలువడు.

అక్షరసంయోజనము విషయమున మాత్రము సంస్కారము గెలిచినది. 1871లో జర్మనీ యొక్క రాజ్యమైన పిమ్మట బడికొక తీరు, కచేరికొక తీరు వ్రాత తగదని 1876లో బెర్లినునందు సభ కూడెను. ఆ సభ నిర్ణయములు నిలువలేదు. 1880లో ప్రష్యా ప్రభుత్వము బడులకై నియమములు విధింపగా, కొన్‌రాడ్ డూడెన్ అను ఉన్నతపాఠశాలాధ్యక్షుడు వానిననుసరించి సుమారు 27,000 పదములుగల చిన్న నిఘంటువును ప్రకటించెను. ప్రధానామాత్యుడగు బిస్మార్కు మాత్రము తన యుద్యోగులు క్రొత్తవ్రాతను వాడరాదని శాసించెను. బడిలో పిల్లవాడు నేర్చినది కచేరిలో దోషమైనది! తుదకు 1901లో బెర్లినున రెండవ సభ కూడి, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండులకు సమ్మతమైన నియమములను సిద్ధపఱచెను.

ఈ మార్పులు పాటల పేరులను గూడ దాకినవి. పూర్వము 'త' ధ్వనిగల పదములు పెక్కింటిలో ఉచ్చారణమున లేని హకారమొకటి వ్రాయుచుండిరి. 1880లో కొన్నిట, 1901లో తక్కినవానిలో, దానిని తొలగించిరి. గ్రీకునుండి వచ్చిన 'సింహాసన' వాచకమునకు మాత్రము విడిచిరి. షూబర్టు 1827లో రచించిన 'వింటర్‌రైజె' యను పాటలమాలలో గడ్డకట్టిన కన్నీరు, నీటివెల్లువ, పూటకూళ్లయిల్లు, ధైర్యము అను నర్థములుగల పేరులు నాలుగు కలవు. షూబర్టు కాలపు ప్రతులలో ఈ నాల్గింటను ఆ మూగహకార మున్నది. నేటి ప్రతులలో లేదు. మన యరసున్నకును బండిఱకును వాడుకవచనమున బట్టిన గతియే దానికిని బట్టినది. పాతప్రతిని జూచి వ్రాసిన జాబితాకును, క్రొత్తప్రతిని జూచి వ్రాసిన జాబితాకును పొత్తు కుదురకుండుటకు ఇది యొక కారణము. పాతదానిని తప్పని దిద్దరాదు. అది తనకాలమునకు ఒప్పే. పాతప్రతిని వర్ణించునప్పుడు ఉన్నదున్నట్లు వ్రాయవలెను. పాటను పేర్కొనునప్పుడు నేటి వ్రాత చాలును.

పేరు ముందు వచ్చు ఉపపదము మఱియొక చిక్కు. విల్హెల్మ్ మ్యుల్లర్ అను కవి తన పద్యమాలకు 'డీ' యను ఉపపదముతో 'డీ వింటర్‌రైజె' యని పేరిడెను. షూబర్టు ఆ ఉపపదమును విడిచెను. కవి పేరు వేఱు, పాటకాని పేరు వేఱు. ఇంగ్లీషువారు పెక్కుమారులు రెండింటిని గలిపివేయుదురు. పైగా ఈ 'డీ' యను ఉపపదమును జర్మనులు వ్రాయు అక్షరములే ఇంగ్లీషున 'చచ్చుట' యను క్రియకును గలవు. జర్మను తెలియని లేఖకుడు దానిని ఉపపదమని గుర్తింపక వర్ణక్రమమున దానిక్రిందనే పాటను జేర్చును. తెలిసినవాడు తరువాతి పదము క్రింద జేర్చును. వెదకువానికి పాట దొరకదు.

'ఎర్ల్‌క్యోనిగ్' కథ యింకను వింతయైనది. డేనుల జానపదగీతమొకదానిలో యక్షరాజు వంటి దేవతాపురుషుడు గలడు. హెర్డర్ అను జర్మను విద్వాంసుడు దానిని భాషాంతరీకరించుచు, ఆ పేరులోని మొదటి భాగమును 'ఎర్లె' యను చెట్టు పేరుగా గ్రహించెను. యక్షరాజు చెట్లరాజయ్యెను. గ్యోటె ఆ పేరునే గైకొని 1782లో తన ప్రసిద్ధపద్యమును వెలువరించెను. షూబర్టు దానికి 1815లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, స్వరము కూర్చెను. 1821లో అది యాతని మొదటి సంఖ్యగల కృతిగా నచ్చుపడెను. గ్యోటె పేరునకుగాని షూబర్టు పేరునకుగాని ముందు ఉపపదము లేదు. ఇంగ్లీషువారు తమ భాషలో ఉపపదము చేర్చి తెలిగించుకొనినట్లు చెప్పుకొని, తిరిగి జర్మనులో వ్రాయునప్పుడును 'డెర్' అని తగిలించుట కలదు. ఒక్క పొరపాటు మహాకవి చేతబడి కావ్యమైనది. అన్ని పొరపాటులకును ఆ భాగ్యము పట్టదు.

జర్మను అచ్చులపై గానవచ్చు రెండు చుక్కలు గూడ అలంకారములు కావు. పూర్వపు లేఖకులు అచ్చుపై చిన్న 'ఎ' కారమును వ్రాయుచుండిరి. అది కాలక్రమమున రెండు చుక్కలుగా మాఱెను. 'ష్యోన్' అనగా అందమైన. చుక్కలు తీసివేసినచో 'షోన్', అనగా 'ఇప్పటికే'. 'డీ ష్యోనె మ్యుల్లెరిన్', అనగా 'అందమైన తిరుగలివాని కూతురు', చుక్కలు పోయినచో అందమును గోలుపోవును. చుక్కలు లేని అచ్చుయంత్రములపై పనిచేయువారు ఆ యచ్చుప్రక్క నొక 'ఎ' కారమును జేర్చినచో జర్మనులు సమ్మతింతురు. ఊరక విడుచుట సమ్మతింపరు. అయితే దీనినిబట్టి 'ఎ' కారమున్నచోట్ల నెల్ల చుక్కలు పెట్టుటయు తప్పే. గ్యోటె తన పేరును 'ఎ' కారముతోనే వ్రాసికొనెను. అది యాతని కుటుంబనామము, దిద్దుటకు మనమెవరము?

ఇక జర్మనుల ద్విత్వసకారాక్షరము. ఇంగ్లీషు ముద్రాపకులు దానిని 'బి' యక్షరముగా భ్రమించుట కలదు. 1996లో వియన్నాలో జరిగిన యొడంబడికచే, 1998 ఆగస్టు 1వ తేదినుండి, హ్రస్వాచ్చు పిదప ఆ యక్షరమునకు బదులు రెండు సకారములు వ్రాయుట నియమమైనది. దానిచే బీథోవెను 'ముద్దు' పాటయు, షూబర్టు 'నది' పాటయు వ్రాత మార్చుకొనినవి. దీర్ఘాచ్చు గల 'నీకు వందనము' అను షూబర్టు పాట మాఱలేదు. ఈ సంస్కారమునకు జర్మనీలో తీవ్రమైన ప్రతిఘటన కలుగగా 2006లో కొన్ని నియమములను సవరించిరి. ఆ యక్షరమునకు పెద్దరూపము 2017లో గాని అధికారముగా నంగీకృతము కాలేదు.

చిన్నయక్షరముల పక్షమును చావలేదు. స్టెఫాన్ గియోర్గె యను కవి నామవాచకములను చిన్నయక్షరములతోనే వ్రాసెను; ఆతని పద్యములకు షోన్‌బర్గ్ స్వరము కూర్చెను. 1925లో బౌహౌస్ కళాశాలవారు పెద్దయక్షరములను పూర్తిగా విడిచి, కాలము కలిసివచ్చునని తమ జాబుల యడుగున నచ్చొత్తించిరి. ఇవి స్వేచ్ఛతో జేసిన ప్రయత్నములు. 1941 జనవరిలో నాజీప్రభుత్వము, అంతవఱకు జర్మనుల స్వకీయమని పొగడిన పాత 'ఫ్రాక్టుర్' అక్షరములను, అవి యూదులవను పచ్చియబద్ధముతో నిషేధించినది. ప్రజలను ఒప్పించి చేయు సంస్కారమునకును, అధికారము చేయు దౌర్జన్యమునకును గల భేదమును అక్షరములే చాటుచున్నవి.

ఇప్పుడు ఇంగ్లీషున నేమి చేయవలెను? దీనికి సమాధానము కష్టమైనది కాదు. 1906లో మొదట వెలువడిన షికాగో విశ్వవిద్యాలయ ముద్రణశాలవారి శైలిగ్రంథము, పరభాషలోని పేరును ఆ భాషానియమముననే వ్రాయవలెనని చెప్పుచున్నది. మొదటి పదమునకును నామవాచకములకును పెద్దయక్షరము, తక్కినవానికి చిన్నది, చుక్కలను విడువరాదు, సమాసమును విడదీయరాదు. ఇంగ్లీషులోనికి భాషాంతరీకరించినప్పుడు ఇంగ్లీషు మర్యాదను పాటింపవచ్చును. రిఖార్డ్ స్ట్రౌస్ 1948లో రచించి, 1949లో మరణించిన పిమ్మట, 1950 మే 22వ తేదిని లండనులో మొదట పాడబడిన నాలుగు పాటలకు 'తుదిపాటలు నాలుగు' అను పేరు పెట్టినది ఆయన కాదు, ప్రకాశకుడగు ఎర్న్‌స్ట్ రోత్. ఆ జర్మను పేరులో 'తుది' యను పదమునకు చిన్నయక్షరము, ఇంగ్లీషు పేరులో పెద్దది. రెండును సరియైనవే.

పేరొక్కటే చాలనిచోట సంఖ్య తోడ్పడును. షూబర్టు ఆఱువందలకు మించి పాటలు రచించెను. 'చంద్రునికి' అను పేరుగలవే నాలుగున్నవి. ఆ చిక్కు తీర్చినవాడు ఆటో ఎరిఖ్ డోయ్‌చ్. వియన్నాలో పుట్టి, నాజీల కాలమున దేశము విడిచి 1939లో ఇంగ్లండు చేరి, షూబర్టు కృతులన్నిటిని కాలక్రమమున లెక్కించి 1951లో లండనునందు ఇంగ్లీషున పట్టిక ప్రకటించెను. తన్ను వెడలగొట్టిన దేశపు పాటల పేరులను అన్యదేశమున నింత శ్రద్ధతో గాపాడిన యా పండితుని పేరిటి మొదటి యక్షరమే నేడు షూబర్టు పాటలన్నిటి సంఖ్యల ముందు నిలిచియున్నది.

పేరు చిన్నది, దానిని సరిగా వ్రాయుటకు గావలసిన శ్రమయు చిన్నదే. అతిథి యింటికి వచ్చినప్పుడు ఆతని పేరును మనకు నచ్చినట్లు మార్చి పిలువము; ఆతడు చెప్పినట్లే పిలుతుము. పాటయు నొక అతిథియే. ఆచారమని దేనిని గ్రుడ్డిగా బట్టుకొనకుండుట యెంత యవసరమో, తెలియని యాచారమును తెలిసికొనకయే చెఱపకుండుటయు నంతే యవసరము. మన పేరులను ఇతరులు వక్రముగా వ్రాసినప్పుడు మనకు గలుగు నొప్పి నెఱిగియున్నవారము గనుక, ఇతరుల పేరులయెడ మనమును ఆ జాగ్రత్తను జూపవలయును.